ఏడు దగ్గర ఆగిన లెక్క

"నేనే చంపాను మేడమ్. రాసుకోండి," అంది దెయొలిందా, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే.

నేను రాసుకోలేదు. ఇరవై ఆరేళ్లుగా పోర్టో నేరపరిశోధక విభాగంలో పనిచేస్తున్నాను. అడక్కుండానే నేరం నెత్తినేసుకునే మనుషులంటే నాకు మహా చిరాకు. వాళ్ల మాట నమ్మితే పని తేలికైపోతుంది, ఆ తర్వాత నిద్ర మాత్రం పట్టదు. ముందు మంచినీళ్లు తాగమని, ఆ తర్వాత మొదటి నుంచి చెప్పమని అన్నాను.

దెయొలిందా విమానాశ్రయంలో మెట్లబండి నడుపుతుంది. విమానం ఆగగానే తలుపు దగ్గరికి మెట్లు తెచ్చి ఆనించడం ఆమె పని. నలభై ఏడేళ్ల మనిషి, భర్త లేడు, పిల్లలు లేరు, మొహంలో మూడు రోజుల నిద్ర బాకీ కనిపిస్తోంది. మూడు రోజుల కిందట, శనివారం మధ్యాహ్నం, నొర్తాదా అనే సంస్థ విమానం లక్సెంబర్గ్ నుంచి బాగా ఆలస్యంగా వచ్చి దిగింది. దాని వెనక తలుపులోంచి విమాన సిబ్బందిలో అమదేవు సర్మెంతు అనే ఒకాయన సిమెంటు నేల మీద పడి, అంబులెన్సు వచ్చేలోపే పోయాడు. మెట్లు ఆనించే ఉన్నాయనీ, అమదేవు తలుపు తెరిచి అడుగు బయటపెట్టే సమయానికి ఈమె బండిని వెనక్కి లాగేసిందనీ సంస్థవాళ్ల వాదన.

"వెనక్కి లాగావా?" అని అడిగాను.

"లాగాను మేడమ్. గేరు వెనక్కి వేసింది నా చేతికి ఇప్పటికీ గుర్తుంది."

"ఎప్పుడు వేశావు? అతను పడకముందా, పడ్డాకా?"

"అదే తెలీడం లేదు. తలుపు, ఆయన, నేల, నా చెయ్యి. ఏది ముందో ఏది వెనకో కలిసిపోయింది."

ఆ రోజు నాలుగు విమానాలు ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా దిగాయట. తనతో ఉండాల్సిన తోటి పనివాణ్ణి ఇంకో విమానానికి పంపేశారట, అందుకని ఒక్కతే పరిగెత్తిందట. అమదేవు తనకి పదకొండేళ్లుగా తెలుసని చెప్పింది. మెట్లు ఆనించాక ఈమె పైకెక్కి తలుపు అద్దం మీద రెండుసార్లు తట్టాలి, లోపలివాళ్లు అది విన్నాకే తెరవాలి. అందరూ తెరిచేసి ఊరుకుంటారు. అమదేవు మాత్రం లోపలి నుంచి తిరిగి రెండుసార్లు తట్టి, ఆ తర్వాత తెరిచి, "ఇంట్లో ఎవరండీ?" అనేవాడట. ఇది చెబుతూ ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ సాయంత్రం నాలుగింటికి ప్రాసిక్యూటర్ ముందు ఆమె నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. జైలుండదు, ఉద్యోగం పోతుంది, జీవితంలో మళ్లీ విమానాశ్రయం గడప తొక్కకూడదు. ఈ ఒప్పందం కుదిర్చింది నొర్తాదా సంస్థ లాయరు ఎల్దెర్ విల్యెన. మా దగ్గర లాయర్లని దొతోర్ అంటారు. దొతోర్ గారు చాలా మంచివారని, రోజూ ఇంటికొచ్చి ధైర్యం చెబుతున్నారని దెయొలిందా అంది.

"సంతకం పెట్టడానికి తొందరేంటమ్మా? కోర్టులో తేల్చుకోవచ్చుగా."

"ఉద్యోగం సంగతి వదిలెయ్యండి మేడమ్. చేశానో లేదో తెలీకుండా బతకలేను. చేశానని ఒప్పుకుంటే కనీసం అది తెలిసినట్టవుతుంది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఈమె సంతకం పెట్టబోయేది కాగితం మీద కాదు, మిగిలిన తన బతుకు మొత్తం మీద. నాలుగింటిదాకా టైముంది కదా, అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడొద్దని చెప్పి బయల్దేరాను.

ఎల్దెర్ విల్యెన విమానం కిందే నిలబడి నాకోసం ఎదురుచూస్తున్నాడు. ఇద్దరం కొయింబ్రాలో ఒకే బెంచీ మీద న్యాయశాస్త్రం చదివాం. నేను పోలీసులో చేరాను, వాడు పెద్ద జీతంలో చేరాడు. ఆ తర్వాత రెండు కేసుల్లో నా సాక్ష్యాన్ని కోర్టులో చీల్చి చెండాడాడు, రెండుసార్లూ ఆ సాయంత్రమే ఫోన్ చేసి భోజనానికి పిలిచాడు. వాడి మర్యాదకి నాకు ఒళ్లు మండుతుంది.

"మూడు రోజులుగా నా విమానాన్ని కట్టేసి కూర్చున్నావు సలొమె," అన్నాడు. "దీనివల్ల ఎన్ని విమానాలు ఆలస్యమయ్యాయో తెలుసా? ప్రతి ఆలస్యానికీ నిన్ను తిట్టమని జనానికి నీ నంబరు ఇద్దామనుకుంటున్నా."

"ఇవ్వు. నీకంటే మర్యాదగానే మాట్లాడతారు," అన్నాను.

వీడి సంస్థ బాధ ఏమిటో నాకు తెలుసు. ప్రయాణికుల మేలు కోరి యూరప్ ప్రభుత్వాలు ఒక చట్టం పెట్టాయి. విమానం గమ్యం చేరడం మూడు గంటలు ఆలస్యమైతే, సంస్థ ఒక్కొక్కరికీ పరిహారం ఇచ్చుకోవాలి. చేరడమంటే ఏమిటని తగువొచ్చి కోర్టుకెళ్తే, చక్రాలు నేలను తాకడం కాదు, జనం దిగడానికి ఒక తలుపైనా తెరుచుకోవడం అని తీర్పొచ్చింది. మంచి తీర్పే. కానీ అప్పటి నుంచీ ఆలస్యంగా వచ్చిన ప్రతి విమానంలోనూ సంస్థవాళ్ల కళ్లు తలుపు మీదే, ప్రయాణికుల కళ్లు గడియారం మీదే. శనివారం నాటి విమానం తలుపు మూడు గంటలకు ఇంకా కొద్ది సెకన్లుండగా తెరుచుకుందని నొర్తాదా చెబుతోంది. అంటే ఒక్కరికీ ఒక్క కాసు ఇవ్వక్కర్లేదు. అయితే ఆ తలుపు దిగడానికి పనికొచ్చే తలుపు కావాలంటే, దానికి మెట్లు ఆనించి ఉండాలి కదా. మెట్లు ఉన్నాయని వీళ్లు అంతగా పట్టుబట్టడానికి ఇది కూడా కారణమని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

మెట్లబండి ఆ రోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, చుట్టూ మా తాడు కట్టి ఉంది. పైకెక్కాను. పై పలకకి రెండువైపులా జరిపే కటకటాలుంటాయి. మెట్లు ఆనించాక వాటిని ముందుకు తోసి విమానానికి తగిలించి, చీల బిగించాలి. లేకపోతే పక్కనుంచి మనిషి జారిపోతాడు. ఆ రెండూ వెనక్కే జరిపి, చీల బిగించి ఉన్నాయి.

"ఎల్దెర్, ఈ కటకటాలు ఎవరూ ముందుకు తియ్యలేదు," అని పైనుంచి కేకేశాను.

"ఆవిడకి బద్ధకం. రోజూ అంతే చేసేదట."

"రోజూ చేసే మనిషికి పదకొండేళ్లలో ఒక్క మెమో కూడా లేదే?"

"ఎవరూ చూసుండరు."

కిందికి దిగి ఈరిస్ వాంగ్మూలం గుర్తుచేశాను. ఈరిస్ ఆ రోజు వెనక తలుపు దగ్గర అమదేవుతో పాటు డ్యూటీలో ఉన్న అమ్మాయి. తలుపు రెండుసార్లు తట్టారు, అమదేవు తెరిచాడు, మెట్లు ఉన్నాయి, తర్వాత చూస్తే లేవు. ఎన్నిసార్లు అడిగినా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు అవే మాటలు అదే వరసలో చెప్పింది.

"తట్టింది ఎవరు?" అన్నాను.

"దెయొలిందా. ఇంకెవరు?"

"దెయొలిందా ఆ రోజు ఒక్కతే ఉంది. తట్టాలంటే ఈ మెట్లన్నీ ఎక్కి పైనుండాలి. బండి వెనక్కి తియ్యాలంటే కింద చక్రం ముందుండాలి. తట్టి, దిగొచ్చి, బండి కదలకుండా నేలకి దించిన ఇనప కాళ్లు పైకి లేపి, గేరు వేసేదాకా అమదేవు ఏం చేస్తున్నాడు, గుమ్మంలో నిలబడి పాట పాడుతున్నాడా?"

ఎల్దెర్ నవ్వాడు. ఇలాంటప్పుడు వాడు నిజంగానే సరదాపడతాడు. "సరే, తట్టలేదు. పిల్ల పొరబడింది. వెనక వరసలవాళ్లు అంతమంది గొంతు చించుకుని అంకెలు లెక్కపెడుతుంటే, ఏ చప్పుడు ఏదో ఆ పిల్లకేం తెలుస్తుంది? ఇరవై మూడేళ్లు లేవు దానికి. నీ సాక్షిని నువ్వే కొట్టేసుకుంటున్నావు సలొమె, నాకు పని లేకుండా."

విమానం లోపలికి వెళ్లాం. అమదేవు కోటు గురించి అడిగాను. భుజం దగ్గర కుట్టు వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టు విడిపోయి ఉందని శవపరీక్ష డాక్టరు చెప్పాడు. మెట్ల అంచుకి చిక్కుకుని ఉంటుందన్నాడు ఎల్దెర్. మెట్ల మీద ఒక్క దారప్పోగు కూడా దొరకలేదని నేనన్నాను. గాలికి పోయుంటుందన్నాడు. ప్రతిదానికీ వాడి దగ్గర ఒక జవాబుంది, ప్రతి జవాబూ కోర్టులో నిలబడుతుంది. అదే నా ఏడుపు.

వెనక తలుపు పిడి పట్టుకుని లేపబోయాను. నావల్ల కాలేదు. ఎల్దెర్ నా పక్కనుంచి చెయ్యి చాపి ఒక్క ఊపులో పైకి లేపాడు, తలుపు బరువుగా కదిలి బయటికి తెరుచుకుంది. "చదువుకునే రోజుల్లో వేసవి సెలవులకి విమానాల్లో కాఫీలు పోశాను, మర్చిపోయావా? ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే," అన్నాడు.

గుమ్మం ముందు ఏమీ లేదు. కింద దూరంగా సిమెంటు. తెరిచిన తలుపు విమానం పక్కకి వెళ్లి అతుక్కుంటుంది. మళ్లీ మూయాలంటే ఒక చేత్తో లోపలి పిడి గట్టిగా పట్టుకుని, నడుము దాకా బయటికి వంగి, రెండో చేత్తో దాన్ని లాక్కోవాలి. మెట్లు ఉన్నప్పుడు ఎవరూ ఇంత వంగక్కర్లేదు. అమదేవు దిగబోయి పడలేదని, తలుపు మూయబోయి పడ్డాడని నాకు అక్కడ నిలబడి ఉండగా అనిపించింది. అనిపించడం సాక్ష్యం కాదు. ఆ మాట బయటికి అంటే ఎల్దెర్ అక్కడికక్కడే నమిలి మింగేస్తాడని నోరు మూసుకున్నాను.

"మధ్యాహ్నం భోజనానికి వస్తావా?" అని అడిగాడు.

"పనుంది."

"నాలుగింటికి కలుద్దాం అయితే. సంతకాల దగ్గర."

విమానంలో నూట డెబ్భై మందికి పైగా ఉన్నారు. వాంగ్మూలాలు చదివితే, అందరూ నిద్రపోతున్నారు, లేదా సంచీ వెతుక్కుంటున్నారు, లేదా పిల్లాడి ముక్కు తుడుస్తున్నారు. మూడు గంటల ఆలస్యంతో రగిలిపోతున్న జనం, విమానం ఆగగానే కలిసికట్టుగా ముక్కులు తుడవడం మొదలెట్టారంటే నమ్మడానికి నేను అంత వెర్రిదాన్నా? ఆ వాంగ్మూలాల్లో ఒక్కటే నాకు వేరుగా కనిపించింది. చివరి వరసలో కూర్చున్న ఎర్మీనియా అనే పెద్దావిడ, తన ఫోన్ ఏమైనా తీసేసుకుంటారా అని కానిస్టేబుల్‌ని రెండుసార్లు అడిగిందట.

పెనఫియెల్ దాటాక ఒక పల్లెలో ఆవిడ ఇల్లు. గోడలకి మెరిసే పలకలు, పదకొండు నెలలు మూసి ఉండే కిటికీలు. లక్సెంబర్గ్‌లో ఆఫీసులు ఊడ్చి కట్టుకున్న ఇల్లు, ఆగస్టు నెలలో మాత్రమే ఊపిరి పీల్చుకుంటుంది. పెరట్లో బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని సార్డీన్ చేపలకి ఉప్పు పట్టిస్తోంది. డెబ్భై ఏళ్లుంటాయి. నా కార్డు చూపించగానే చేతులు కడుక్కోకుండానే కుర్చీ చూపించింది.

"నేను నిద్రపోతున్నానని చెప్పాను కదా అమ్మాయీ," అంది. నాకు యాభై దాటాయి. అయినా ఆవిడ లెక్కలో నేను అమ్మాయినే.

"నిద్రపోతూ ఫోన్ పట్టుకున్నారా?"

"మా మనవడి ఫోటోలు చూసుకుంటూ నిద్రపోయాను."

చేపలు ఎక్కడ కొన్నారని అడిగాను. మతొజిన్యోస్‌లో ధరలు మండిపోతున్నాయని, ఇవి పొవోవాలో మరదలు పంపిందని చెప్పింది. రెండు చేపలు కాల్చి, మొక్కజొన్న రొట్టె ముక్క మీద పెట్టి నా చేతికిచ్చింది. తిన్నాను. నిజంగా బావుంది, అదే చెప్పాను. అప్పుడు దెయొలిందా సంగతి ఎత్తాను. రెండుసార్లు తట్టడం గురించి, సాయంత్రం పెట్టబోయే సంతకం గురించి, గేరు వేసిన చెయ్యి గురించి ఏదీ దాచకుండా చెప్పాను.

ఎర్మీనియా పొయ్యి మీద చేపని తిప్పింది. "ఆ మెట్లావిడకి పిల్లలున్నారా?"

"లేరు. ఒక్కతే ఉంటుంది."

"మరీ పాపం. ఇంట్లో పోట్లాడుకోవడానికి కూడా ఎవరూ లేరన్నమాట." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నా బాధ కూడా వినమ్మా. మా ఊరివాళ్లం పదకొండు మందిమి వచ్చాం ఆ విమానంలో. పరిహారం ఇప్పిస్తానని లిస్బన్ వకీలు ఒకడు అందరి ఫోన్లకీ కబురు పంపాడు. తలుపు ముందే తెరిచినట్టు ఎవరి దగ్గరైనా వీడియో ఉందంటే అందరి డబ్బూ గంగలో కలుస్తుంది, ఎవరూ ఏమీ చూడలేదనండి, ఉన్నవి తీసెయ్యండి అన్నాడు. మా వీధి చివర కుర్రాడు ఆ డబ్బుతో పెళ్లికి సూటు కుట్టించుకుంటున్నాడు కూడా. నేను నోరు విప్పితే చర్చిలో నా పక్కన ఎవరైనా కూర్చుంటారా?"

"విప్పితే డబ్బు పోతుందో లేదో నాకు తెలీదు. మెట్లు లేని తలుపు తలుపే కాదని వాదించేవాళ్లూ ఉంటారు. కానీ వస్తుందని మీకు మాటివ్వలేను."

"అబద్ధం చెప్పి తీసుకుపోవచ్చుగా నువ్వు."

"చెప్పొచ్చు. మీరు ఇంకో చేప పెడతారని చెప్పలేదు."

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వి, ఆప్రాన్ అంచుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు ఎలా ఉందో అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. మూడు గంటలు నిండే ముందు చివరి నిమిషంలో వెనక వరసల్లో ఎవరో కుర్రాళ్లు ఫోన్ గడియారం చూస్తూ, కొత్త సంవత్సరం రాత్రి లెక్కపెట్టినట్టు, వెనకనుంచి అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టారట. ముప్ఫై, ఇరవై తొమ్మిది, అంటూ. మెల్లగా అందరూ అందుకున్నారట, తనూ అందుకుందట. "సిగ్గులేకుండా నేనూ అరిచానమ్మా. సరదాగా అనిపించింది."

నా చేతిలో మిగిలిన రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. అంకెలు లెక్కపెట్టిన సంగతి ఏ ప్రయాణికుడూ చెప్పలేదు. ఈరిస్ చెప్పలేదు, పైలట్ చెప్పలేదు. సిబ్బంది వాంగ్మూలాలన్నీ దాన్ని దాటేశాయి, చెబితే ప్రయాణికుల గొడవంతా కోర్టుకి ఎక్కుతుందని కాబోలు. ఆ మాట నేను విన్నది ఒక్కరి నోటి నుంచే, ఆ పొద్దున విమానం కింద. శనివారం లిస్బన్‌లో ఉన్నానని, కబురు తెలిసి సాయంత్రం రైల్లో వచ్చానని మొదటి రోజు నాతో చెప్పినవాడి నోటి నుంచి.

"వీడియో తీసెయ్యలేదు కదా మీరు?"

"తీసెయ్యడం ఎలాగో నాకు రాదమ్మాయీ," అంది ఎర్మీనియా. "మనవడిని అడిగితే ఎందుకని అడుగుతాడు."

ఆవిడ ఫోన్లో వీడియో పెట్టి నా చేతికిచ్చింది. నడవలో నిలబడ్డ జనం వీపులు, వాటి మీదుగా వెనక తలుపు. అమదేవు తలుపు అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. వెనక్కి తిరిగి చెయ్యెత్తి, వద్దు, ఇంకా రాలేదు, అన్నట్టు ఊపాడు. ఈరిస్ గోడకి అతుక్కుపోయి నిలబడింది. ఆమె పక్కన సిబ్బంది మడత కుర్చీలోంచి ఒకతను లేచాడు. జనం పన్నెండు అన్నారు, పదకొండు అన్నారు. అతను అమదేవుని పక్కకి జరిపి, చెయ్యి చాపి, పిడిని ఒక్క ఊపులో పైకి లేపాడు. ఏడు దగ్గర ఆ గుమ్మం అంతా వెలుగు నిండింది, లెక్క ఆగిపోయింది. ఎవరో బూతు తిట్టారు. అమదేవు తలుపు మూయడానికి బయటికి వంగాడు. అతను అమదేవు భుజం పట్టుకుని లోపలికి లాగబోయాడు. అమదేవు విదిలించుకున్నాడు. ఆ విదిలింపులో లోపలి పిడి మీద అమదేవు చెయ్యి జారింది. ఆ తర్వాత గుమ్మం ఖాళీగా ఉంది. ఖాళీ గుమ్మంలోంచి చాలా దూరంగా, పసుపు దీపం తిప్పుకుంటూ మెట్లబండి ఇంకా వస్తూనే ఉంది.

అతను వెనక్కి తిరిగాడు. ఎల్దెర్ విల్యెన ముఖం అంత తెల్లగా ఉండడం ముప్ఫై ఏళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

కోపం వచ్చింది. అంతకంటే ముందు జాలి వేసింది, అది నాకే నచ్చలేదు. వాడు చంపాలనుకోలేదు. డబ్బు మిగల్చాలనుకున్నాడు, అంతే. కానీ ఆ సాయంత్రం నుంచీ ఏం జరిగిందో తెలిసి కూడా, రోజూ దెయొలిందా ఇంటికెళ్లి, అది నువ్వే చేశావమ్మా అని నమ్మిస్తూ వచ్చాడు. దానికి మాత్రం జాలి లేదు.

దారిలో పైలట్‌కి ఫోన్ చేశాను. వీడియో ఉందని మాత్రం చెప్పాను, ఎవరున్నారో చెప్పలేదు. సిబ్బంది కుర్చీలో వచ్చేవాళ్ల పేరు ప్రయాణికుల జాబితాలో ఉండదని, దొతోర్ గారు పేరు ఎత్తొద్దన్నారని ఆయనే చెప్పేశాడు. మనసులో బరువు దించుకున్నట్టు, అడగనివి కూడా చెప్పాడు.

ప్రాసిక్యూటర్ గది తలుపు తోసేసరికి నాలుగు దాటింది. ప్రాసిక్యూటర్ బల్ల వెనక కూర్చుని ఉంది. దెయొలిందా చేతిలో పెన్నుంది. ఎల్దెర్ ఆమె కుర్చీ వెనక, అన్నగారిలా చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఆలస్యంగా వచ్చావు సలొమె," అన్నాడు.

కొంచెం ఆగమని ప్రాసిక్యూటర్‌ని అడిగి, దెయొలిందా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇందులో నీకు చూడడం కష్టమైనది ఒకటుంది, చూస్తావా అని అడిగాను. తలూపింది. ఎర్మీనియా ఇచ్చిన ఫోన్ ఆమె ముందు పెట్టాను.

అంకెల అరుపులు ఆ గదిలో చాలా అసహ్యంగా వినిపించాయి. కుర్చీ మీద ఎల్దెర్ చెయ్యి కదలలేదు. ఏడు దగ్గర లెక్క ఆగినప్పుడు మాత్రం వాడు ఆ చెయ్యి తీసేశాడు. దెయొలిందా చివరిదాకా చూసింది. మళ్లీ పెట్టమంది. రెండోసారి ఆమె అమదేవుని చూడలేదు. గుమ్మంలోంచి కనిపించే దూరపు పసుపు దీపాన్నే చూసింది.

"ఇది నేనే," అంది వేలు పెట్టి చూపిస్తూ. "నేనింకా రానేలేదు. ఆయన పడ్డం చూసి, బండి ఆయన మీదకి పోతుందని గేరు వెనక్కి వేశాను. ఇప్పుడు గుర్తొచ్చింది." ఆమె గొంతు మామూలుగానే ఉంది.

ప్రాసిక్యూటర్ ఎల్దెర్ వైపు చూసింది. వాడు గొంతు సవరించుకున్నాడు. "నేను పట్టుకుని ఆపబోయాను. కనిపిస్తోంది కదా. ఇలా తలుపు తెరవడం నేను కనిపెట్టింది కాదు, చట్టం అలా ఉంది కాబట్టి అందరూ చేసేదే. ఏడు సెకన్లు. మెట్లు ఎలాగూ వచ్చేవే." తర్వాత, నాకేసి కాదు, నేల కేసి చూస్తూ, "అతను మూయడానికి వెళ్తాడని నేననుకోలేదు," అన్నాడు.

అతను మూయడానికే వెళ్తాడని ఈ గదిలో తెలిసిన మనిషి దెయొలిందా ఒక్కతే. ఆమె లేచి నిలబడింది. తన ముందున్న ఒప్పందం కాగితాన్ని నెమ్మదిగా ఎల్దెర్ వైపు తిప్పింది, సంతకం పెట్టాల్సిన గీత వాడికి ఎదురుగా వచ్చేలా. దాని మీద పెన్ను పెట్టింది.

"అంతా సరిగ్గానే రాశారు దొతోర్ గారూ," అంది. "పేరొక్కటి మార్చి మీరు పెట్టండి."